పెంకుటింటి మీద సోలార్ పలకలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఏటా పిల్లల చదువుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా గురించి మాట్లాడుకుంటూ వస్తున్నాము. ఈసారి ఇంటి కప్పు గురించి మాట్లాడమని కార్యవర్గం మమ్మల్ని ఆదేశించింది. మేమంటే ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, ఒక వడ్రంగి మేస్త్రి, లెక్కలు చూసే ఒక టీచరు. కొంతకాలంగా మన సభ్యులు పిలిచిన చోటికల్లా నిచ్చెన మోసుకుని వెళ్ళి కప్పులు ఎక్కి చూస్తున్నవాళ్ళము. మైకు ముందు నిలబడింది ఒక్కరే అయినా మాట నలుగురిదీ అని గ్రహించ ప్రార్థన.

ఇప్పుడీ మాట ఎందుకు వచ్చిందంటే, 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకునే గృహస్థులకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడో కిలోవాటుకు 18,000, మొత్తం మీద 78,000కు మించకుండా సబ్సిడీ అన్నారు. అప్పటినుంచి వీధుల్లోకి ఏజెంట్లు వస్తున్నారు. వచ్చిన వారందరూ చెడ్డవాళ్ళని మేము అనటం లేదు. డాబా ఇళ్ళ దగ్గర పని సజావుగానే సాగుతోంది. చిక్కంతా పెంకుటిళ్ళ దగ్గరే వస్తోంది. మన సభ్యుల్లో పెంకుటింట్లో ఉంటున్నవారు ఇంకా తక్కువేమీ కాదు.

పెంకుటింటి ముందు నిలబడి వాళ్ళు చెప్పే మాటలు రెండే రెండు. ఒకటి: "పెంకుల మీద సోలార్ కూర్చోదమ్మా, కప్పు పీకించి ఇనప రేకులు వేయించుకోండి, అప్పుడు పెడతాం." రెండోది: "అదెంత పని, పెంకులకు నాలుగు బెజ్జాలు పెట్టి బోల్టులు దింపుతాం, సాయంత్రానికి కరెంటు." ఈ రెండు మాటలూ నమ్మవద్దని చెప్పటానికే మేమీ సభకు వచ్చాము. పెంకుటింటి మీద సోలార్ పెట్టవచ్చును. కాని అది పెంకుల మీద నిలబడేది కాదు, పెంకుల కింద ఉన్న కర్ర మీద నిలబడేది. ఆ కర్రను చూడకుండా ధర మాట్లాడేవాడితో మనకు పని లేదు.

మొదట రేకుల మాట. మన వైపు వీటిని బెంగుళూరు పెంకులంటాము గాని, నిజానికి ఇవి పుట్టింది మంగుళూరులో. 1865లో బాసెల్ మిషన్ వారు అక్కడ మొదటి కార్ఖానా పెట్టారు. అక్కడి ఎర్రమట్టిని యంత్రంతో అచ్చుపోసి కాల్చి పంపితే అవి మన కోస్తా అంతటా వ్యాపించాయి. గూనపెంకుల కంటే తేలిక, ఒకదానితో ఒకటి గాడిలో కూర్చుంటాయి, విరిగితే ఒక్కటి మార్చుకుంటే చాలు. పెంకుకు పెంకుకు మధ్య సన్నని సందులుంటాయి. ఆ సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. మే నెల మధ్యాహ్నం పెంకుటింట్లో కూర్చున్నవారికీ, రేకుల కింద కూర్చున్నవారికీ ఈ తేడా మేము చెప్పనక్కరలేదు.

మేము చూసిన ఒక ఇంట్లో ఒక ఆపా ఉన్నది. భర్త లేడు. వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు, పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఏజెంటు మాట విని వరండా మీది పెంకులు, రీపర్లు దింపించి రేకులు వేయించింది. దింపిన పెంకులు, టేకు రీపర్లు ఎవరో చవగ్గా పట్టుకుపోయారు. రేకులకూ కూలీకీ అయిన డబ్బు అప్పు. సోలార్ వచ్చింది, పనీ చేస్తోంది, అందులో అబద్ధం లేదు. కాని పదకొండు దాటితే ఆ వరండాలో కూర్చుని కుట్టటం ఆమె వల్ల కావటం లేదు. సాయంత్రం ఐదు దాకా మిషను పక్కింటి అరుగు మీద ఉంటుంది. సోలార్ వచ్చాక బిల్లు తగ్గింది, పనిగంటలూ తగ్గాయి. ఈ లెక్క ఏ కరపత్రంలోనూ ఉండదు.

ఇక బోల్టుల మాట. కాల్చిన మట్టికి బెజ్జం పెడితే అది ఆ రోజు పగలకపోవచ్చు. ఎండకు, వానకు, బోల్టు బిగువుకు ఆ బెజ్జం చుట్టూ వెంట్రుకవాసి పగులు మొదలవుతుంది. రబ్బరు వాషరు వేస్తాం, సిలికాన్ జిగురు పూస్తాం అంటారు. మన ఎండకు ఆ జిగురు రెండు మూడు వేసవులు ఆగితే గొప్ప. తర్వాత చుక్క చుక్కగా నీళ్ళు బోల్టు వెంట దిగి సరిగ్గా వాసం నెత్తి మీదే పడతాయి. ఇంట్లోకి కారితే మనకు తెలుస్తుంది, గిన్నె పెట్టుకుంటాము. వాసంలోకి ఇంకితే తెలియదు. పైన పలక ఉంది గనుక అక్కడ ఎండ తగలదు, తడి ఆరదు. తడి కర్రను చెదలు వెతుక్కుంటూ వస్తాయి. అలాంటి ఒక చోట మేము నాలుగు పెంకులు పక్కకు తీసి చూస్తే వాసం పైవైపు వేలితో నొక్కితే గుల్లగా దిగింది. కింది నుంచి చూస్తే రంగు వేసి నిగనిగలాడుతోంది. పెట్టినవాళ్ళను అడిగితే పలకలకు పాతికేళ్ళ గ్యారంటీ ఉంది అన్నారు. ఉంది, కాదనము. పలకకు ఉంది, వాసానికి ఎవరిచ్చారు?

మరైతే సరైన పద్ధతి ఏమిటి? దీనికి కొక్కేలు ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలుతోగాని, జింకు పూత పోసిన ఇనుముతోగాని చేసినవి. పెంకుటిళ్ళు బాగా ఉన్న జర్మనీ వంటి దేశాల్లో సోలార్ పెట్టేది ఈ పద్ధతిలోనే. ఒక పెంకును పైకి జరిపి, దాని కింద ఉన్న వాసానికి కొక్కెం అడుగుపట్టీని స్క్రూలతో బిగిస్తారు. కొక్కెం మెడ వంపు తిరిగి కింది పెంకు మీదుగా బయటకు వస్తుంది. పైపెంకును మళ్ళీ దించి కప్పేస్తారు. పెంకుకు బెజ్జం లేదు. వాన ఎప్పటిలాగే పెంకు మీది నుంచి పెంకు మీదికి జారిపోతుంది. బయటకు వచ్చిన కొక్కేలకు అల్యూమినియం పట్టాలు, పట్టాలకు పలకలు బిగుస్తాయి.

వినటానికి సులువుగా ఉంది గాని, ఇందులో మేస్త్రి చెయ్యి తెలిసేది రెండు చోట్ల. కొక్కెం మెడ కింది పెంకును తాకకూడదు, కొన్ని మిల్లీమీటర్ల సందు ఉండాలి. తాకితే గాలికి పలక ఊగినప్పుడల్లా ఆ పెంకు మీద సుత్తి దెబ్బ పడినట్లే. పైపెంకు మెడ మీద ఎత్తుగా లేచి నిలబడినా తప్పే, సందులోంచి వానజల్లు కొడుతుంది. అందుకని పైపెంకు అడుగున మెడ పట్టేంత మేరకు గ్రైండరుతో పలచగా అరగదీసి కూర్చోబెట్టాలి. ఒక్కో కొక్కేనికి ఇంత పని ఉంది గనుకనే సాయంత్రానికి కరెంటు అనేవాడి మాట నమ్మవద్దన్నాము.

ఇప్పుడు బరువు మాట. ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ళు మొదట అడిగేది ఇదే: "బాబూ, అంత బరువు మా కప్పు ఆగుతుందా?" లెక్క వేసి చూద్దాము. ఒక పెద్ద పలక సుమారు 540 వాట్లది. ఏడున్నర అడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు, 28 కిలోల దాకా బరువు. రెండు కిలోవాట్లకు ఇటువంటివి నాలుగు కావాలి. పట్టాలు, కొక్కేలతో కలిపి 150 కిలోలు అనుకుందాము. అది సుమారు 10 చదరపు మీటర్ల మీద పరుచుకుంటుంది. అంటే చదరపు మీటరుకు 15 కిలోలు. మరి మన పెంకుల బరువు ఎంత? చదరపు మీటరుకు పదిహేను పెంకుల దాకా పడతాయి, ఒక్కోటి రెండున్నర కిలోలు వేసుకున్నా 37 కిలోలు దాటుతుంది. మంచి పెంకు కూడా తన బరువులో ఆరో వంతు దాకా నీళ్ళు పీల్చుకోగలదు. ముసురు పట్టినప్పుడు మన కప్పు ఏటా మోస్తున్న నీటి బరువే ఐదారు కిలోలు. కనుక కర్ర బాగుంటే పలకల బరువు భయపడవలసినది కాదు. పెంకులు ఎక్కి మార్చే మనుషుల బరువును మోసిన కప్పు దీన్ని మోస్తుంది.

భయపడవలసినది గాలికి. కప్పును కిందికి నొక్కే బరువు గురించే అందరూ అడుగుతారు, పైకి లాగే గాలి గురించి అడిగినవారు మాకు ఇంతవరకు తగల్లేదు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను కళ్ళారా చూసినవారు ఈ సభలో ఉన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 170, 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ గాలికి నగరంలో చెట్లెలా కూలాయో, రేకులెలా ఎగిరాయో అందరూ చూశారు. భారత ప్రమాణాల పుస్తకంలో మన కోస్తాకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా లెక్క వేసుకోమన్నారు. హైదరాబాదుకైతే 44. యాభై మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంతో గాలి కొడితే దాని ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఇదంతా పలకను పైకే లాగదు. కప్పు వాలు, గాలి దిక్కు, పలక ఎక్కడ ఉంది అనేదాన్నిబట్టి మారుతుంది. అందులో సగమే పైకి లాగిందనుకుందాము. చదరపు మీటరుకు 75 కిలోలు. మన నాలుగు పలకల మీద 750 కిలోలు పైకి. అందులోంచి వాటి సొంత బరువు 150 తీసేస్తే 600 కిలోలు. ఆ 600 కిలోలను పట్టి ఉంచేవి కొక్కేలు, కొక్కేలను పట్టి ఉంచేవి స్క్రూలు, స్క్రూలను పట్టి ఉంచేది కర్ర.

నాలుగే కొక్కేలు వేస్తే ఒక్కోదాని మీద 150 కిలోలు. పన్నెండు వేస్తే 50. కొక్కేల దగ్గర డబ్బు మిగల్చటం ఎంత తెలివితక్కువ పనో మీరే చెప్పండి. అవి రీపర్లకు కాదు, వాసాలకే పడాలి. పెంకులు కూర్చోవటానికి అడ్డంగా కొట్టిన రీపరు సన్నది, మేకుతో నిలిచేది. గాలికి రీపరుతో సహా ఊడి వస్తుంది. పలకలను కప్పు అంచులదాకా, వెన్ను దాకా పరచకూడదు. గాలి సుడి తిరిగి ఎక్కువగా లాగేది చూరు దగ్గర, వెన్ను దగ్గర. అన్నివైపులా అడుగున్నర వదలటం మంచిది. ఇంకొక మాట ఉన్నది. పాత ఇళ్ళలో వాసాలు గోడ మీద ఊరికే ఆని, ఒక మేకుతో నిలబడి ఉంటాయి. ఇంతకాలం పెంకుల బరువే వాటిని అదిమిపెట్టింది. పలకలు పెట్టేముందు వాసాల కాళ్ళను ఇనప పట్టీలతో గోడకు కట్టించాలి. సోలార్ పెట్టినా పెట్టకపోయినా ఇది చేయించుకోదగ్గ పనే, పెద్ద ఖర్చు కూడా కాదు.

కర్ర సంగతి మా వడ్రంగి మేస్త్రి చెబితేనే బాగుంటుంది గాని, మైకు అంటే ఆయనకు భయం. ఆయన మాటల్నే మేము చెబుతాము. టేకు వాసమైతే స్క్రూను బాగా పట్టుకుంటుంది. 8 మిల్లీమీటర్ల లావు స్క్రూలు కొక్కేనికి కనీసం రెండు, ముందు సన్నని బెజ్జం పెట్టి ఎక్కించాలి. లేకపోతే పాత టేకు చీలుతుంది. వాసం వెడల్పు రెండంగుళాలైనా లేకపోతే పక్కన కొత్త బద్ద కలిపి బోల్టుతో బిగించి వెడల్పు చేసుకోవాలి. తాటి వాసాల సంగతి వేరు. మన పల్లెల్లో చాలా ఇళ్ళకు అవే ఉన్నాయి. తాటికి బయటి పొర ఇనుము, లోపల బెండు. స్క్రూ బయటిదాన్ని చీలుస్తుంది, లోపలిదాంట్లో పట్టు దొరకదు. తాటి వాసానికి స్క్రూ వేయవద్దు, వాసం చుట్టూ తిరిగి వచ్చే యూ-బోల్టు పట్టీ వేయాలి. అదీ వాసం నిలువెల్లా గట్టిగా ఉంటేనే.

గట్టిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక స్క్రూడ్రైవరు, ఒక చిన్న సుత్తి చాలు. వాసాన్ని అడుగడుగునా సుత్తితో తట్టాలి. గట్టి కర్ర ఖణేల్మంటుంది, గుల్లది డప్పులా పలుకుతుంది. గోడలో దూరిన చోట, నిట్టాడు మీద దూలం కూర్చున్న చోట, చూరు దగ్గర స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాలి. చెదలు, పుచ్చు మొదలయ్యేది ఆ మూడు చోట్లే. మట్టి గీతలు గోడ మీద నుంచి వాసం మీదికి పాకి ఉంటే అడగనే అక్కరలేదు. దారం లాగి చూస్తే వాసం మధ్యలో ఎంత కుంగిందో తెలుస్తుంది. ఈ పని చేయటానికి మంచి కాలం వానాకాలమే. కారిన మరకలు అబద్ధం చెప్పవు. పలకలు బిగించటం మాత్రం జనవరి నుంచి వేసవి లోపల పూర్తి చేసుకోవాలి.

ఏ వాలు మీద పెట్టాలి అని కొందరు అడుగుతున్నారు. దక్షిణపు వాలు దొరికితే అదృష్టమే. తూర్పు, పడమర వాలులైనా పెద్ద నష్టం లేదు. ఉత్తరపు వాలు ఒక్కటే ఉన్న ఇంటికి మేము వద్దనే చెబుతాము. కొబ్బరి చెట్టు నీడ ఒక్క పలక మీద పడినా దానితో వరసగా కలిపిన పలకలన్నీ నెమ్మదిస్తాయి. మసీదు పక్క ఇళ్ళవారు మినారు నీడ ఏ నెలలో ఎక్కడ పడుతుందో కూడా చూసుకోవాలి. నీడ నీడే, అది ఎంత మంచిదాని నీడైనా! పలకకు పెంకుకు మధ్య నాలుగైదు అంగుళాల సందు ఉండాలి. గాలి ఆడకపోతే పలక వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ దాని ఉత్పత్తి తగ్గుతుంది. ఆ సందు ఉంటే పలకల కింద ఉన్న గది కూడా కొంత చల్లబడుతుంది. పెంకుల మీద ఎండ నేరుగా పడదు గదా.

అగ్ని విషయంలో మాత్రం మేము కఠినంగానే మాట్లాడతాము, మన్నించాలి. డాబా మీద వైరు మాడితే సిమెంటు అంటుకోదు. మన ఇంట్లో పలకల కిందనే వందేళ్ళుగా ఎండిన కర్ర ఉంది, ఎలుకలు ఉన్నాయి, ఉడతలు ఉన్నాయి. పలకల నుంచి వచ్చేది డీసీ కరెంటు. ఆరు పలకలు వరసన కలిపితే 300 వోల్టుల దాకా వస్తుంది. ఎండ ఉన్నంతసేపు, ఇంట్లో మెయిను ఆపినా సరే, పలకల నుంచి ఇన్వర్టరు దాకా ఆ వైర్లలో వోల్టేజి ఉంటూనే ఉంటుంది. ఎక్కడైనా జాయింటు వదులైతే అక్కడ నిప్పురవ్వ ఆగకుండా వెలుగుతుంది. కనుక వైర్లను అటక మీదుగా, వాసాల వెంబడి తీసుకురానివ్వకండి. చూరు దాటించి గోడ బయట గొట్టంలో దించాలి. ఇన్వర్టరును గోడకే పెట్టాలి, కర్ర పలకకు కాదు. గొట్టం నోళ్ళు ఎలుక దూరకుండా మూయాలి. పలకలకు, ఇన్వర్టరుకు, పిడుగు కడ్డీకి ఎర్తింగులు వేటికవి వేరుగా వేయించాలి. ఒక్క గుంట తవ్వి మూడూ కలిపేస్తామంటే ఒప్పుకోవద్దు.

ఇంకొక అపోహ కూడా తీసివేయాలి. సోలార్ ఉంటే కరెంటు పోయినా ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతాయని చాలామంది అనుకుంటున్నారు. సబ్సిడీలో మామూలుగా పెట్టేవి లైనుతో కలిసి పనిచేసే రకం. లైను పోతే ఇవీ ఆగిపోతాయి. అలా ఆగాలి కూడా. ఆగకపోతే మన ఇంటి కరెంటు వీధి వైర్లలోకి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కోత సమయంలో కూడా కావాలంటే బ్యాటరీ, వేరే రకం ఇన్వర్టరు ఉండాలి. దానికి ఖర్చు వేరు, సబ్సిడీలో బ్యాటరీకి చోటు లేదు.

అసలు ఎవరికి అవసరం అనేది కూడా చెప్పాలి. మన ఎండకు ఒక కిలోవాటు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది, నెలకు 120. రెండు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీతో నెలకు యాభై అరవై యూనిట్లు కాల్చే ఇంటికి స్లాబు పద్ధతిలో యూనిట్ చవగ్గానే పడుతుంది. ఆ ఇంటివారు అప్పు చేసి సోలార్ పెట్టుకోవటం మాకు నచ్చదు. ఫ్రిజ్, మోటారు, కుట్టుమిషన్లు, ఎండాకాలం కూలరు ఉండి నెలకు రెండు వందలు దాటేవారికి ఇది పనికివచ్చే వస్తువు. మొదట ఏడాది బిల్లులు బయటకు తీయండి, అప్పుడు మాట్లాడుదాము.

సబ్సిడీ పొందాలంటే ఇల్లు సొంతం కావాలి, మీటరు కూడా దరఖాస్తు చేసేవారి పేరున ఉండాలి. మనలో ఎన్ని ఇళ్ళకు మీటరు ఇంకా దాదాగారి పేరున, నానాగారి పేరున ఉంది! ఆయన పోయి ఇరవై ఏళ్ళవుతుంది, బిల్లు మాత్రం ఆయన పేరునే వస్తుంది. అన్నదమ్ముల పంపకాలు నోటి మాటగా జరిగిపోయి కాగితం మీదికి ఎక్కలేదు. అక్కచెల్లెళ్ళ వాటా సంగతి అడిగితే ఇంట్లో నిశ్శబ్దం. మేము కొలతకు వెళ్ళిన ఒక ఇంట్లో కప్పు బంగారంలా ఉంది, మీటరు పేరు దగ్గర పని ఆగిపోయింది. పేరు మార్పిడికి కుటుంబ ధ్రువపత్రాలతో విద్యుత్తు కార్యాలయానికి వెళ్ళాలి. సోలార్ సంగతి ఎలా ఉన్నా ఆ పని ఈ ఏడు పూర్తి చేసుకోండి.

డబ్బు విషయం. సబ్సిడీ ముందు రాదు. పలకలు పెట్టి, మీటరు మార్చి, తనిఖీ అయిన తరువాతే బ్యాంకు ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా లక్షకు పైగా మనమే పెట్టుకోవాలి. బ్యాంకులు అప్పు ఇస్తాయి, వడ్డీ ఉంటుంది. వడ్డీ వద్దనుకునేవారు మనలో ఎక్కువ. అందుకని ఏజెంటు దగ్గర వాయిదాలు అని ఒప్పుకుంటున్నారు. ఆ వాయిదాల ధరలో వడ్డీ పేరు మార్చుకుని కూర్చుని ఉంటుంది, రొక్కం ధర ఎంత అని అడిగితే బయటపడుతుంది. సబ్సిడీ వచ్చేదాకా ఆ మేరకు మొత్తాన్ని సంఘం కర్జె హసనా కింద సర్దగలదా అని కార్యవర్గాన్ని అడిగాము. ఆలోచిస్తామన్నారు. సభలో అందరి ముందు మళ్ళీ అడుగుతున్నాము, కాదనటం కష్టం గదా!

చివరిగా, కర్ర పనికిరాదని తేలిన ఇళ్ళ మాట. మేము చూసినవాటిలో అలాంటివి ఉన్నాయి. అక్కడ కప్పు మీద పెట్టవద్దని మొహం మీదే చెప్పాము. కొందరికి కోపం వచ్చింది కూడా. కాని సోలార్ ఇంటి నెత్తి మీదే ఉండాలని నియమం ఏమీ లేదు. చాలా పెంకుటిళ్ళకు వెనక వంటగదో, స్నానాల గదో చిన్న స్లాబు ఉంటుంది. రెండు పలకలకు, అంటే ఒక కిలోవాటుకు, అరవై చదరపు అడుగుల స్లాబు చాలు. పెరడు ఉన్నవారు నాలుగు ఇనప స్తంభాలు కాంక్రీటులో పాతి, మనిషి ఎత్తున పందిరిలా వేయించుకోవచ్చు. కింద మేకను కట్టేయవచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు. స్తంభాలకు ఖర్చు ఉంది గాని, తుఫానుకు ఎగిరితే ఇంటి కప్పును వెంటబెట్టుకుని పోదు. పెంకు ఆకారంలోనే సోలార్ పెంకులు కూడా ఉన్నాయి. ఇటలీలో పాంపే పురాతన నగరంలో ఒక పాత ఇంటి కప్పుకు అటువంటివి పెట్టారు, చూస్తే మట్టిపెంకులనే అనుకుంటాము. మన బజారు ధరకు అవి ఇంకా అందవు.

కొత్తగా పెట్టించేవారు ఒక పని మాత్రం ముందే చేయండి. మీ పెంకు వెనక కంపెనీ గుర్తు అచ్చు ఉంటుంది. అదే గుర్తు ఉన్న పాత పెంకులు ఒక నలభై యాభై కూల్చిన ఇళ్ళ దగ్గర కొని పక్కన పెట్టుకోండి. ఒక కంపెనీ గాడిలో ఇంకొక కంపెనీ పెంకు కూర్చోదు. పని జరిగే రోజు పది పన్నెండైనా విరుగుతాయి, ఆ తరువాత కోతుల వాటా ఎలాగూ ఉంది. పనివాళ్ళను పెంకుల మీద నేరుగా నడవనివ్వకండి, పలక నిచ్చెన వేసుకుని దాని మీద నడవమనండి.

కప్పు చూపించుకోదలచినవారు సభ అయిన తరువాత గుమ్మం దగ్గర ఉన్న పుస్తకంలో పేరు, వీధి రాసి వెళ్ళండి. మేము ఆదివారాలు వస్తాము. దీనికి రుసుము లేదు, టీ కూడా అక్కరలేదు. గడచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు, ఇంటి కాగితం నకలు తీసి ఉంచండి. వాసాల కింద అటక మీద పెట్టిన సామాను ముందురోజే దింపి ఉంచితే మాకు సగం పొద్దు కలిసి వస్తుంది. నిచ్చెన మేమే తెచ్చుకుంటాము.